సేరు పళ్లు, సేరు బెల్లం

అనగనగా అంటే ఇప్పటి మాట కాదు పిల్లలూ, రాజుగారి వంటశాలలో త్రాసు ఊగనిదే పొయ్యి వెలగని కాలం. అప్పుడు కనకగిరి రాజ్యంలో బొప్పన అని ఒక పెద్ద వంటవాడు ఉండేవాడు. చేయి తిరిగినవాడే. ఒకరిని అడగాలంటే మాత్రం తల కొట్టేసినట్టుండేది ఆయనకు.

ఆ ఏడు ఆషాఢంలో రాణి విమలావతికి వేవిళ్లు పట్టుకున్నాయి. మెతుకు నోట పెడితే వాంతి. మూడు రోజులుగా మంచినీళ్లే. "మా అమ్మ చేసే నేరేడు పాకమైతే తింటాను" అంది నీరసంగా. అది ఎలా చేస్తారో ఆమెకు తెలియదు, తినడమే తెలుసు. పుట్టిల్లేమో కొండల అవతల, పదిరోజుల దారి.

వెతగ్గా వెతగ్గా పెళ్లినాడు తల్లి ఇచ్చిన తాటాకు ఒకటి పెట్టెలో దొరికింది. "సేరు పళ్లకు సేరు బెల్లం. పుల్లపుల్లగా ఉండాలి" అని అందులో ఉంది.

"ఇంతేనా!" అన్నాడు బొప్పన. పళ్లు సేరు తూచాడు. బెల్లం సేరు తూచాడు. పాకం పట్టి పంపాడు. రాణి నాలుకకు రాసుకుని మొహం తిప్పేసింది.

"ఇది ఉత్త బెల్లం."

రాజుకు కాలు నిలవడం లేదు. అంతఃపురానికీ వంటశాలకూ మధ్య ఒకటే తిరుగుడు. "ఏమయ్యా, అయిందా?" "అవుతోంది ప్రభూ!" అంతలోనే మళ్లీ, "అయిందా?" బొప్పనకు చెమటలు పట్టాయి.

పళ్లు అయిపోయాయి. బజారుకు పరుగెత్తాడు. అక్కడ రాణి పుట్టింటి వైపు నుంచి వచ్చిన చుక్కమ్మ అనే ముసలామె నేరేడు పళ్లు అమ్ముతోంది. "సేరు ఇవ్వు" అన్నాడు. ఆమె ఒక కొయ్య పాత్ర తీసి నిండా పోసింది.

"తూచవేం?"

"పళ్లని తూచడమేంది సామీ? మా దేశంలో సేరంటే ఈ పాత్రే."

ఓహో, అదా సంగతి! రెండో మాట అడగకుండా, పాత్ర కూడా పుచ్చుకుని పరుగెత్తాడు. పళ్లు పాత్రెడు, దంచిన బెల్లం పాత్రెడు. రాణి రుచి చూసి కళ్లు మూసుకుంది. "మళ్లీ అదే!" గిన్నె పెద్దదైంది గానీ తీపి తగ్గలేదు మరి.

రాజవైద్యుడు నాడి పట్టుకుని, "ఈ పూటైనా ఏదో ఒకటి లోపలికి పోకపోతే తల్లికీ బిడ్డకీ కష్టం" అన్నాడు.

అప్పుడు బొప్పనకు నిజంగా భయమేసింది. పరువు సంగతి మరిచిపోయాడు. బజారంతా చూస్తుండగా చుక్కమ్మ ముందు చేతులు జోడించాడు.

"తల్లీ, నాకు తెలియడం లేదు. మీ వైపు బెల్లం కూడా కొలుస్తారా?"

చుక్కమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. "గడ్డ బెల్లాన్ని పాత్రలో ఎట్టా కుక్కుతావయ్యా? పళ్లు కొలుస్తాం, బెల్లం తూస్తాం. రెండూ సేరే!"

ఇంకో పాత్రెడు పళ్లు పోయించుకుని బొప్పన వెనక్కి పరుగు. వాటిని త్రాసులో వేస్తే మూడు సేర్లు తూగాయి. మూడు సేర్ల పళ్లకు ఒక్క సేరు బెల్లం! అదే కొలతతో పాకం దించాడు.

రాణి ఒక చెంచా తిని ఆగింది. "మా అమ్మ చేసినట్టే ఉంది" అని ఏడుస్తూ ఆమె గిన్నె దగ్గరకు లాక్కుంది.

మాట ఒకటైనా కొలత ఊరికో తీరు. తెలియనిది అడగడానికి మనం సిగ్గుపడితే, ఆకలితో మాడేది ఇంకొకరు.