సిద్దప్ప కొన్న పాత ఉంగరం

అనగనగా, మీ తాతకు తాత కూడా చూడని రోజుల్లో, రాతిగుట్టల మధ్య ఒక అడవి ఉండేది. ఆ అడవిలో ఒక ముళ్లపంది. పేరు సిద్దప్ప. సోమరి కాడు, దొంగ కాడు. కానీ ఏదైనా తేల్చుకోవలసి వస్తే మాత్రం వాడికి తల తిరిగేది.

ముళ్లపందుల్లో ఒక ఆచారం ఉంది పిల్లలూ. పెళ్లికి మగవాడు మెరిసే వస్తువొకటి తేవాలి. పెళ్లికూతురి వీపు మీద అన్నిటికన్నా పొడవైన ముల్లుకు దాన్ని తొడగాలి. తొలివాన పడేలోగా ఆ పని అయిపోవాలి. ఏ వస్తువు తేవాలనే పట్టింపు లేదు. సిద్దప్ప అన్న నత్తగుల్ల తొడిగాడు. ఆ కాపురం బాగానే ఉంది.

సిద్దప్ప చేసుకోబోయే పిల్ల పేరు ఈరమ్మ. ఆమె అక్కకు పెళ్లిలో వెండి మెట్టె తొడిగారు. అది చూసినప్పటి నుంచి సిద్దప్పకు మనసు నిలవలేదు. ఈరమ్మకు వజ్రపుటుంగరం తొడుగుతానని నలుగురిలో అన్నాడు. ఈరమ్మ అడగలేదు. ఎవరూ అడగలేదు. వాడంతట వాడే అన్నాడు.

వేసవంతా ఏరి ఎండబెట్టిన ఇప్పపూలు వాడి దగ్గర మూడు బుట్టలున్నాయి. రెండు బుట్టలు ఉంగరానికని అనుకున్నాడు. మూడోది వానాకాలం తిండికి. వానలు పట్టుకుంటే గడ్డలు నేలలోనే కుళ్లిపోతాయి, నాలుగు నెలలు గడవడం కష్టం. అందుకే మూడో బుట్ట ముట్టనని ఈరమ్మకు మాట ఇచ్చాడు.

ఆ అడవిలో వీరాసామి అనే కొండముచ్చు ఉండేవాడు. మనుషులు దారిలో పారేసుకున్న వస్తువులు ఏరి, ఒక బండ మీద పరిచి అమ్మేవాడు. వాడి దగ్గర ఒక పాత ఉంగరం ఉంది. బంగారం అరిగి ఉంది. నడుమ రాయి మాత్రం ఎండలో కళ్లు చెదిరేలా మెరుస్తోంది.

వెల ఎంతని సిద్దప్ప అడిగాడు. మూడు బుట్టలన్నాడు వీరాసామి. రెండే ఇస్తానన్నాడు సిద్దప్ప. వీరాసామి తోక ఊపుకుంటూ నవ్వాడు.

"రెండు బుట్టలకు గాజుపెంకు వస్తుంది బావా. తొడుగు పో, మీ ఈరమ్మ మురిసిపోతుంది."

సిద్దప్పకు సిగ్గేసింది. ముందు అది వజ్రమో కాదో తేలాలి కదా అనుకున్నాడు. నలుగురికీ చూపించి వస్తానన్నాడు. వీరాసామి కాదనలేదు. ఎండలో ఎక్కువ సేపు తిప్పవద్దని మాత్రం చెప్పాడు. ఎందుకని సిద్దప్ప అడగలేదు.

మొదట ఉడుత దగ్గరికి వెళ్లాడు. ఉడుత రాయి మీద నోటి ఆవిరి ఊదింది. ఆవిరి పట్టిందో లేదో, ఇట్టే ఆరిపోయింది. గాజయితే మసక అంత తొందరగా పోదని, ఇది వజ్రమేనని ఉడుత గట్టిగా చెప్పింది. సిద్దప్ప గుండె తేలికపడింది.

తర్వాత ఎలుగుబంటి దగ్గరికి వెళ్లాడు. ఎలుగు ఉంగరాన్ని మడుగులో ముంచి చూశాడు. అసలు వజ్రం నీళ్లలో కూడా మెరవాలట. ఇది మెరవడం లేదు కాబట్టి గాజేనని తేల్చాడు. సిద్దప్ప గుండె బరువెక్కింది. కానీ ఆ మడుగులో ఎలుగు పొద్దున్నుంచీ దొర్లుతున్నాడు. నీళ్లన్నీ బురద. ఆ సంగతి చెబుదామనుకున్నాడు గాని, ఎలుగు గోళ్లు చూసి ఊరుకున్నాడు.

ఆ తర్వాత గోరింక దగ్గరికి వెళ్లాడు. గోరింక తల ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. రాయి లోపల నల్లచుక్క ఉందంది. చుక్క ఉంటే అసలైనదేనంది. కాసేపటికి, చుక్క ఉంటే వెల తగ్గాలంది. ఇంకా కాసేపటికి, అది చుక్క కాదేమో, మట్టేమో అంది.

"ఇంతకీ కొనాలా, వద్దా?" అన్నాడు సిద్దప్ప.

"నేను పిట్టను, అన్నా! నాకేం తెలుసు? పుట్ట పక్కన పందికొక్కు అవ్వ ఉంది చూడు. ఊళ్లో కంసాలి కొట్టు కింద కలుగులో ఏళ్ల తరబడి బతికింది. దోసెడు పూలు పోస్తే ఉంగరం చూసి ఉన్నదున్నట్టు చెబుతుంది. ఆమె చూడకుండా మాత్రం కొనకు."

దోసెడు పూలు. సిద్దప్ప ఆలోచించాడు. ఉత్తినే చూసినందుకు దోసెడు పూలా? అది దండగ అనిపించింది. ముగ్గురు చూశారు కదా, ఇంకో ముసలమ్మ చూస్తే కొత్తగా ఏం తెలుస్తుంది? ముగ్గురూ మూడు మాటలన్నారు. నాలుగో మాట వింటే తల పగిలిపోతుందేమో అనుకున్నాడు.

చూశారా పిల్లలూ, వాడికి నిజం కావాలని లేదు. ఉంగరం కావాలని ఉంది. అందుకే ముగ్గురి మాటల్లో ఉడుత మాట ఒక్కటే మనసులో పెట్టుకున్నాడు.

బండ దగ్గరికి తిరిగి వెళ్లేసరికి వీరాసామి ఉంగరాన్ని తీసుకుని ఆకులో చుట్టబోయాడు. పొద్దువాలక ముందే ఒక దుప్పి వచ్చి తీసుకుపోతుందని చెప్పాడు. ఆ దుప్పిని సిద్దప్ప చూడలేదు. మనమూ చూడలేదు.

రెండు బుట్టలిస్తే ఇస్తావా అని సిద్దప్ప ఇంకోసారి అడిగాడు. వీరాసామి ఆకు మడత పెడుతూనే ఉన్నాడు. సిద్దప్పకు ఉడుత మాట, ఎలుగు మాట, గోరింక మాట, ఈరమ్మకు ఇచ్చిన మాట, అన్నీ కలిసిపోయి చెవుల్లో హోరుమన్నాయి. ఆ హోరు ఆగిపోతే చాలనిపించింది. ఇంటికి పరుగెత్తి మూడు బుట్టలూ తెచ్చి బండ మీద కుమ్మరించాడు.

ఉంగరం తన ముల్లుకే తొడుక్కుని ఈరమ్మ ఇంటికి బయలుదేరాడు. మిట్టమధ్యాహ్నం. బండలు కాలుతున్నాయి. దారిలోనే పందికొక్కు అవ్వ కలుగు. ఎలాగూ కొనేశాను, ఒక్క మంచి మాట విని పోదామని ఆగాడు. పోయడానికి పూలు మాత్రం లేవు. ఆ మాటే చెప్పి తల వంచుకున్నాడు.

"పూలు అక్కర్లేదు నాయనా," అంది అవ్వ. "చూడడానికి ఇక్కడ ఏముంది? రాయేది?"

సిద్దప్ప ఉంగరం తీసి చూశాడు. నడుమ గుంట ఖాళీగా ఉంది.

అవ్వ ఆ గుంటను వాసన చూసింది. తేనెమైనం అంది. ఉంగరంలో రాయిని నాలుగు సన్నని కొక్కేలు పట్టుకుని ఉంటాయి. ఎన్నో ఏళ్లు వాడిన ఉంగరం కాబట్టి ఆ కొక్కేలు అరిగిపోయాయి. రాయి నిలవకపోతే కొండముచ్చు కింద మైనం అద్ది అంటించాడు. ఎండకు మైనం కరిగింది. రాయి జారిపోయింది. ఇదంతా అవ్వ నెమ్మదిగా చెప్పింది. అందరూ రాయినే చూశారు గాని, రాయిని పట్టుకున్నదేమిటో ఒక్కరూ చూడలేదు.

"అవ్వా, ఆ రాయి వజ్రమేనా?" అన్నాడు సిద్దప్ప.

"ఇప్పుడు నాకెలా తెలుస్తుంది నాయనా?"

సిద్దప్ప వచ్చిన దారంతా వెతికాడు. ఎండుటాకులు తిరగేశాడు. రాతిగుట్టల అడవి కదా, మెరిసే ముక్కలకు కొదవా? అయిదు రాళ్లు దొరికాయి. అయిదూ మెరుస్తున్నాయి. ఒక్కోదాని మీదా ఊదాడు, ఎండకు పట్టి చూశాడు. ఏది తనదో, అసలు తనది వాటిలో ఉందో లేదో తెలియలేదు. వాటిని పట్టుకుని వీరాసామి దగ్గరికి పోయి గొడవ పడ్డాడు.

వీరాసామి ఇప్పపూలు నములుతూ అన్నాడు. "వజ్రమో కాదో చూపించి వస్తానన్నావు, సరేనన్నాను. ఊడుతుందా అని అడిగావా? అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో."

చెప్పేవాడు కాదు. మోసం మోసమే. కానీ సిద్దప్ప ఆ రాళ్లు తీసుకుని వెనుదిరిగాడు.

సాయంత్రానికి అయిదు రాళ్లూ, ఖాళీ ఉంగరమూ తీసుకెళ్లి ఈరమ్మ ముందు పెట్టాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. అదొక్కటి వాడు చేసిన మంచిపని. ఈరమ్మ రాళ్ల వంక చూడలేదు.

"మూడో బుట్ట ఏది?" అంది.

సిద్దప్ప ఖాళీ ఉంగరాన్ని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

"ఉత్త ఉంగరం తొడిగినా నేను వచ్చేదాన్ని. రాయి పోయినందుకు నాకు కోపం లేదు. కానీ నాలుగు నెలల వానల్లో నువ్వేం తింటావు, నాకేం పెడతావు? నీ మాటను నువ్వే దాటావు. రేపు ఇంకొకడు తొందరపెడితే మళ్లీ దాటవని ఏమిటి?"

వచ్చే వేసవికి నిండిన బుట్టతో రమ్మని ఈరమ్మ చెప్పింది. ఆపైన తలుపు రాయి అడ్డం పెట్టుకుంది. ఆమె అమ్మ మెల్లగా ఏదో సర్దిచెప్పబోయింది. ఈరమ్మ వినలేదు.

వారం తిరగకుండా తొలివాన పడింది. ఆ నాలుగు నెలలూ సిద్దప్ప బురద తవ్వుకుంటూ, చేదు వేర్లు నమిలి బతికాడు. ముళ్లు సగం రాలిపోయాయి. వాన తెరిపి ఇచ్చిన ప్రతిసారీ కలుగు బయట కూర్చుని, ఆ అయిదు రాళ్లనూ వరసగా పెట్టి చూసుకునేవాడు. ఒకరోజు ఇదే అనిపించేది, మర్నాడు అది కాదనిపించేది.

నీతి: పాత వస్తువు కొనేటప్పుడు మెరుపును కాదు, అరుగుదలను చూడండి. తెలిసినవారికి ముందే చూపించండి. మనసు అయోమయంలో ఉన్నప్పుడు, అనుకున్న వెలకు మించి ఇవ్వకండి.