ఎర్ర దుప్పటి లేని రోజు

జగపతిరాజు మాష్టారిని సూటిగా ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదు. మొదట కళ్లజోడు తుడుస్తారు, తర్వాత ఫ్యాను ఆపమంటారు, ఆపైన ఓ అరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోతారు. అడిగిన పాపానికి మనమూ వెంట వెళ్లాలి. తిరుగు బండి ఎప్పుడో ఆయనకే తెలియదు. ఒకప్పుడు పంపుసెట్ల కంపెనీలో వాడుక పత్రాలు రాసిన మనిషి. ఇప్పుడు కాకినాడలో ఓ చిన్న సంస్థలో, అడిగిన పని తామే చేసిపెట్టే ఏఐ ఏజెంట్లు వాడుకునే కంప్యూటర్ పనిముట్లకు వివరణ ఎలా రాయాలో కుర్రకారుకి నేర్పుతున్నారు. పంపుసెట్టయినా ఏజెంటయినా ఆయనకి ఒకటే. చదివేటప్పుడు పక్కన మనం ఉండం కదా అంటారు.

ఆ మధ్యాహ్నం శిష్యురాలు శర్వాణి వాతావరణం చెప్పే పనిముట్టుకి వివరణ రాసి పట్టుకొచ్చింది. "ఊరి పేరు ఇస్తే, ఇవాళ అక్కడ వాన సూచన ఉంటే చెబుతుంది." అంతే, ఒక్క వాక్యం. ఎంత పొట్టిగా రాశానో చూడండన్నట్టు నిలబడింది. సాయంత్రానికి అది ఏజెంటు చేతికి వెళ్లాలి. మర్నాటి నుంచి కల్లాల్లో ధాన్యం ఆరబోసుకున్న రైతులు ఫోన్లో అడిగితే, ఆ ఏజెంటే ఈ పనిముట్టుని చూసి వాళ్లకి జవాబు చెబుతుంది.

"ఇది ఖాళీగా తిరిగొస్తే?" అన్నారు మాష్టారు.

"వాన లేదని అర్థమండి."

"ఆ ఊరి నుంచి అసలు కబురే అందకపోతే?"

"అప్పుడూ ఖాళీగానే వస్తుందండి," అని శర్వాణి తల గోక్కుంది. వెంటనే సర్దుకుంది. "అయినా మాష్టారూ, అది లోకంలో పుస్తకాలన్నీ నమిలేసిన ఏజెంటు. ఉన్నదేదో చెబితే చాలదా? లేనిదాని గురించి కూడా మనమే చెప్పాలా?"

మాష్టారు కళ్లజోడు తీశారు. శర్వాణి నిట్టూర్చి, అడక్కుండానే లేచి ఫ్యాను ఆపింది.

మాష్టారి తల్లి సుభద్రాయమ్మగారు కోనసీమలో ఓ ఊరికి కొత్త కోడలిగా వచ్చిన ఏడాది సంగతి అది. ఎండాకాలం వస్తే ఆ వీధిలో ప్రతి పెరట్లోనూ మామిడి తాండ్రే. పండ్ల రసం పిండి, పల్చటి గుడ్డలో వడగట్టి, బెల్లం కలిపి చాప మీద పూత పూస్తారు. అది ఆరాక మర్నాడు దాని మీద ఇంకో పూత. వీధంతా తియ్యటి పులుపు వాసన. చాప అంచున ఎండిన పొరని గోటితో గిల్లుకు తినని వాళ్లు ఆ ఊళ్లో పుట్టలేదు. ఇక్కడ మాష్టారు ఆగారు. నాలుక మీద ఏదో కరుగుతున్నట్టు ఉంది ఆయన మొహం.

"మాష్టారూ, నాకూ నోరూరుతోంది. అయితే పెట్టండి, లేకపోతే కథ నడపండి," అంది శర్వాణి.

తాండ్రకి శత్రువు వాన. కొబ్బరి తోటల మధ్య ఊరు కాబట్టి పెరట్లోంచి చూస్తే పడమటి ఆకాశం కనపడదు. మేడ ఉన్నది ఒక్క చిట్టాయమ్మగారికి. పొద్దున్నే మేడెక్కి చూసి, మబ్బు కనిపిస్తే పిట్టగోడ మీద ఎర్ర దుప్పటి ఆరేసేది. దుప్పటి కనిపిస్తే చాపలు లోపలికి, కనపడకపోతే పూత. ఈ ఏర్పాటు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు.

ఆ ఏడు అత్తగారు కూతురి పురిటికి వెళుతూ, ఎవరినీ ముట్టుకోనివ్వని చాపల్ని మొదటిసారి కోడలికి వదిలింది. "నేనొచ్చేసరికి ఇవి తాండ్రయితే, వచ్చే ఏడు నుంచి చాపలు నీవి," అంది. ఆ ఇంట్లో తాళాల గుత్తి చేతికిచ్చినా అంత మాట కాదు.

పూత మీద పూత దట్టంగా పేరుకుంది. ఇక ఆఖరి పూత. పొద్దున్నే సుభద్రాయమ్మ మేడ వైపు చూసింది. దుప్పటి లేదు. నిశ్చింతగా రసం పోసింది. ఎండెక్కకుండానే పడమటి నుంచి గాలి, వెనకే వాన. ఒక్కత్తీ చాప ఎత్తబోతే తాండ్ర జారి కాళ్ల మీద పడింది. పెరడంతా పసుప్పచ్చటి బురద.

చిట్టాయమ్మగారు ముందురోజే చెల్లెలింట్లో గృహప్రవేశానికని పడవెక్కి వెళ్లిపోయింది. తిరిగొచ్చాక లబోదిబోమంది. "మబ్బు పడితే ఆరేస్తాను గానీ, ఆరెయ్యని రోజు సంగతి నన్నెవరడిగారే అమ్మా!"

అత్తగారు వచ్చింది. ఉత్త చాపల్ని చూసింది. కోడలు తలొంచుకుని, "దుప్పటి లేదండీ అత్తయ్యగారూ. నేను చూశానండీ," అంది.

"దుప్పటి లేదని చూశావు. చిట్టాయమ్మ ఉందని చూశావా?"

ఆ ఏడు చాపలు కోడలికి రాలేదు. మరుసటి ఎండాకాలం నుంచి మాత్రం, ఆకాశం తేటగా ఉన్న రోజున కూడా ఆ పిట్టగోడ మీద తెల్ల పంచె వేలాడేది. చిట్టాయమ్మగారి మొగుడు పంచె కోసం పొద్దున్నే మేడెక్కడం చూసి వీధంతా నవ్వేది. ఎర్రదీ తెల్లదీ కనపడకపోతే సుభద్రాయమ్మ చాపలు ఎత్తించి, కాలవ దాటి, తోటలు అడ్డులేని చోట నిలబడి తానే ఆకాశం చూసొచ్చేది.

మాష్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. శర్వాణి తన ఒక్క వాక్యం కింద ఇంకో మూడు రాసింది. "వాన లేకపోతే లేదనే చెబుతుంది. ఖాళీగా వస్తే కబురు అందలేదని అర్థం. వాన లేదని రైతుకి చెప్పవద్దు, తెలియదని చెప్పు." మొదటి మాట నిజమయ్యేలా పనిముట్టుని కూడా మార్చమని, దాన్ని తయారుచేసిన కుర్రాడికి ఫోన్ చేసింది. అతగాడు గొణిగాడు. ఈమె వినలేదు.

రాసింది మాష్టారికి చూపించాక, ఒక దిగులు మిగిలింది.

"మాష్టారూ, ఇంత ఆర్భాటం చేసి చివరికి 'తెలియదు' అంటే రైతులు ఏజెంటుని తిట్టరూ?"

"తిట్టనీ అమ్మా," అన్నారు మాష్టారు. "తిడుతూనే ధాన్యం మీద బరకం కప్పుకుంటారు."