ఆటలమ్మ అక్కిగా ఎందుకు తిరిగొస్తుంది

ఒకప్పుడు ఆటలమ్మ వచ్చిందంటే వచ్చిన దారినే పోయేది. మళ్ళీ ఆ మనిషి జోలికి వచ్చేది కాదు. ఒంటికి ఒక పక్కనే మంటలు పెట్టే అక్కి అనే జబ్బు అసలు ఎవరికీ తెలీదు.

ఆటలమ్మని తెచ్చేది కంటికి కనపడని ఒక నలుసు. దానికి ఇల్లూ వాకిలీ లేవు. ఒక పిల్ల ఒంట్లోంచి ఇంకో పిల్ల ఒంట్లోకి గెంతుతూ బతికేది.

అలా గెంతుతూ గెంతుతూ గోదారి మధ్యలో ఉన్న ఒక లంకకి చేరింది. లంకలో పిల్లలకి వరసపెట్టి పొక్కులు తెప్పించింది. ఆఖరికి నూకాలు అనే పిల్ల మిగిలింది. నూకాలుకీ జ్వరం వచ్చింది, ఒళ్ళంతా పొక్కులు లేచాయి. అమ్మ వేపాకుల మీద పడుకోబెట్టి, "గోకకే తల్లీ, మచ్చలు పడతాయి" అంటూ పక్కనే కూర్చుంది.

మెల్లగా పొక్కులు ఎండసాగాయి. నెత్తుట్లో కాపలా తిరిగే భటులు నలుసును తరుముకొచ్చారు. నలుసు బయటికి తొంగిచూసింది. గోదారికి వరద. పడవలన్నీ కట్టేశారు. లంకలో ఆటలమ్మ రాని పిల్ల ఇంకొకతి లేదు.

"నూకాలూ, నాకు పోయే చోటు లేదు. ఈ పొక్కులు రాలిపోతే నేనూ చచ్చిపోతాను" అని ఏడిచింది నలుసు.

నూకాలుకి కోపం రావాలి. కానీ జాలేసింది.

"పోనీ, ఎక్కడైనా ఓ మూల పడుకో. అల్లరి మాత్రం చెయ్యకు" అంది.

వెన్ను పక్కనున్న నరం ఉలిక్కిపడింది. "పిల్లా, ఆలోచించుకో! ఒకసారి చోటిస్తే ఇది నువ్వు బతికున్నన్నాళ్ళూ ఇక్కడే ఉంటుంది. భటులకి ఓపిక ఉన్నంతకాలం పడుకుంటుంది. వాళ్ళు అలిసిపోయిననాడు?"

"ఆనాటి సంగతి ఆనాడు చూద్దాంలే" అంది నూకాలు.

నరం నిట్టూర్చి తన మొదట్లో కాస్త చోటిచ్చింది. నలుసు అక్కడ ముడుచుకుని నిద్రపోయింది.

నూకాలు పెద్దదైంది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, జుట్టు నెరిసింది. నలుసు సంగతే మరిచిపోయింది. ఒక ఏడు ఆమె భర్త కాలం చేశాడు. ఆ దిగులుతో నూకాలు సరిగ్గా తినలేదు, కంటినిండా నిద్రపోలేదు. ఒంట్లో భటులు నీరసించారు.

నలుసు కళ్ళు తెరిచింది. బయట పసిపిల్ల నవ్వు వినిపించింది. అది నూకాలు మనవరాలు మాణిక్యం. ఇంకా ఆటలమ్మ రాని పిల్ల!

నలుసు లేచి పరుగెత్తింది. కానీ ఎంత నీరసించినా భటులు భటులే. ఇదివరకటిలా ఒళ్ళంతా తిరగనివ్వలేదు. దానికి తను పడుకున్న నరం దారి ఒక్కటే దొరికింది. ఆ నరం భగ్గున మండింది. వీపు నుంచి రొమ్ము కిందదాకా, ఒక పక్కనే, పట్టీ వేసినట్టు పొక్కులు లేచాయి.

"అబ్బా! నువ్వా? అల్లరి చెయ్యొద్దన్నాను కదే!" అంది నూకాలు పళ్ళు బిగించి.

"ఎన్నాళ్ళని పడుకోను మామ్మా? ఆ పిల్లని ఒక్కసారి ఎత్తుకో. ఈ పొక్కులు తగిలితే చాలు, దాని దగ్గరికి పోతాను" అని బతిమాలింది నలుసు.

అంతలో మాణిక్యం తప్పటడుగులు వేసుకుంటూ వచ్చింది. "మామ్మా, ఎత్తుకో" అని చేతులు చాచింది.

భర్త పోయిన దగ్గర్నుంచి నూకాలుకి ఆ పిల్లే ఊరట. చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి. నూకాలు వాటిని వెనక్కి లాక్కుంది.

"కోడలా, దీన్ని అవతలికి తీసుకుపో!" అని కేకేసింది.

మాణిక్యం వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్మానికి ఇవతల నూకాలూ ఏడ్చింది.

"నేను చోటిచ్చింది నా ఒంట్లో. దాని ఒంట్లో కాదు" అంది నలుసుతో.

భటులు తేరుకున్నారు. నలుసు మళ్ళీ నరం మొదట్లోకి పోయి పడుకుంది. పొక్కులు ఎండి రాలిపోయాయి. మంట మాత్రం చాన్నాళ్ళు సలుపుతూనే ఉంది. ఆ సలుపుతోనే నూకాలు మనవరాలిని ఎత్తుకుని గోదారి గట్టంతా తిప్పింది.

అప్పటినుంచే, ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ళ ఒంట్లో అలాంటి నలుసు ఒకటి నిద్రపోతూ ఉంటుంది. కొందరిలో, ఒంట్లో ఓపిక తగ్గిననాడు, అక్కిగా లేచి ఒక పక్కనే మండిస్తుంది. ఆ పొక్కులు తగిలిన పసివాళ్ళకి వచ్చేది అక్కి కాదు, ఆటలమ్మే. అందుకే అక్కి వచ్చిన మామ్మలూ తాతలూ, పొక్కులు ఎండేదాకా, పసివాళ్ళని దూరంగా ఉంచి కళ్ళతోనే ముద్దాడతారు.