పేడపురుగులను తరిమిన దున్న

పిల్లలూ, అనగనగా ఒక అడవిలో పొగరు తప్ప ఇంకేమీ మొలవని బుర్ర ఒకటి ఉండేది. అది కొమ్మన్న అనే అడవిదున్నది. ఏటి ఒడ్డు పచ్చిక బయల్లో మేసే మందకు అతనే పెద్ద.

ఆ బయల్లోనే ఉండమ్మ అనే పేడపురుగు తన వాళ్లతో బతికేది. దున్నలు వేసిన పేడను ఆ పురుగులు ఉండలు చుట్టి, దొర్లించుకుపోయి నేలలో పూడ్చుకునేవి. పొద్దున లేస్తే వాటికి అదే పని.

ఒకనాడు ఉండమ్మ ఉండ దొర్లించుకుంటూ కొమ్మన్న ముందు నుంచి పోయింది. కొమ్మన్న ముక్కు చిట్లించాడు.

"నా ఎదుట ఈ కంపేమిటి?" అన్నాడు.

"కంపు తమదే దొరా, నేను మోస్తున్నానంతే" అంది ఉండమ్మ.

మందలో ఎవరో కిసుక్కుమన్నారు. కొమ్మన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పేడ తినే జాతికి నా బయల్లో చోటు లేదు. వాళ్ల బొరియలన్నీ తొక్కేయండి" అని కోడెదున్నలకు చెప్పాడు.

ముసలి దున్న సీతాలత్త అడ్డుపడింది. "నాయనా, వాళ్లు పూడ్చబట్టే మన గడ్డికి ఎరువు దొరుకుతోంది. వెళ్లగొట్టకు" అంది.

"గడ్డి మొలిచేది నా అదృష్టం వల్ల, పురుగుల వల్ల కాదు" అన్నాడా మహానుభావుడు.

బొరియలు కూలాయి. ఉండమ్మ తన బలగంతో ఎగిరి ఏరు దాటింది.

పేడ ఎక్కడిదక్కడే ఎండి పెచ్చులు కట్టింది. దాని కింద గడ్డి చచ్చింది. వానలు పడగానే పేడలో ఈగలు పుట్టి, దూడల కళ్ల మీద ముసిరాయి. సీతాలత్త మనవరాలికి ఒక కన్ను పోయింది. గడ్డి చచ్చిన చోటల్లా వయ్యారిభామ మొక్కలు లేచాయి. వాటిని ఏ జంతువూ ముట్టదు.

"పచ్చగానే ఉన్నాయిగా" అన్నాడు కొమ్మన్న. తిని చూసి నోరంతా పుండ్లు చేసుకున్నాడు.

ముందు జింకలు వెళ్లిపోయాయి. తర్వాత కుందేళ్లు. చివరికి సీతాలత్త తన ఒంటికన్ను మనవరాలిని ముందు పెట్టుకుని ఏరు దాటింది. మంద మొత్తం ఆమె వెంట నడిచింది. కొమ్మన్న పిచ్చిమొక్కలకు రాజుగా మిగిలాడు.

ఆకలికి పౌరుషం ఎన్నాళ్లు ఆగుతుంది? అతనూ ఏరు దాటి ఉండమ్మ ముందు తల దించాడు.

"రండమ్మా, మళ్లీ మన బయలుకు పోదాం" అన్నాడు.

ఉండమ్మ పని ఆపలేదు. "వచ్చి ఏం తినాలి? అక్కడ పచ్చి పేడ లేదు. పేడ వేసేందుకు మంద లేదు. మంద వచ్చేందుకు గడ్డి లేదు. తొక్కడానికి తమకు ఒక్క పూట పట్టింది దొరా. తిరిగి నిలబెట్టడానికి తమ ఆయుష్షు చాలదు" అంది.

కొమ్మన్న మంద చివరికి పోయి, దూడలు వదిలేసిన గడ్డి మేశాడు. బతికినన్నాళ్లూ అతన్ని మళ్లీ ఎవరూ పెద్దా అని పిలవలేదు.

నీతి: మన తిండి ఎవరి పని మీద నిలబడిందో తెలుసుకోకుండా వాళ్లను తరిమేస్తే, ముందు ఖాళీ అయ్యేది మన కడుపే.