కోడి ఆట, తప్పుల్లేని పెళ్ళి

దేవుడు తెలివి పంచిన రోజున తమ ఇంటిల్లిపాదీ గిన్నెలు పట్టుకుని వరసలో ముందు నిలబడ్డారని నూకాలమ్మకి గట్టి నమ్మకం. "మా ఇంట్లో తెలివి అటక మీద కూడా ఉంది" అనేది. పెద్దకొడుకు గవర్రాజు కంప్యూటర్లో ఆటలు తయారుచేయడం మొదలుపెట్టాక, ఇక ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు.

గవర్రాజు మాణిక్యం మీద మనసుపడ్డాడు. మాణిక్యం తండ్రి ముత్యాల్రావు ఒక్కటే మాటన్నాడు. "నీ ఆట ఒక్క తప్పు లేకుండా చూపించు బాబూ, పిల్లనిస్తాను."

ఆట ఏమిటయ్యా అంటే, కోడి రోడ్డు దాటాలి. గవర్రాజు అంతా రాశాడు. రాసింది చదివి తప్పులు చెప్పడానికి కంపైలర్ అని ఒకటుంటుంది. దానికి మొహమాటం లేదు. "మొదటి వరుస చివర చుక్క, కింద కామా పెట్టలేదు" అంది.

"అంతేగా!" అని తమ్ముడు అబ్బులు కాటుక తెచ్చి, తెర మీద ఆ వరుస చివరే చుక్క పెట్టి, కింద తోక తీశాడు. మళ్ళీ అదే మాట.

"పెట్టాం కదే, కనపడట్లేదా?" అని నూకాలమ్మ తన కళ్ళజోడు తీసి తెరకి తగిలించింది.

గవర్రాజు కిందకి చదివాడు. "అమ్మా, 'కోడి అంటే ఏమిటో నాకు ముందు చెప్పలేదు' అంటోందే."

"చూశావా, జోడు పెట్టగానే ఇంకో తప్పు కనిపెట్టింది! పాపం పట్నంలో పుట్టిన పిల్ల, కోడినెక్కడ చూస్తుంది?" అని పెరట్లోంచి కోడిపెట్టని పట్టుకొచ్చి దాని ముందు వదిలింది. ఇంకేముంది! కోడి మీటలెక్కి అటూ ఇటూ పచార్లు చేసింది. తెర నిండా తప్పులే.

"నీకంటే గబగబా రాసింది అన్నయ్యా" అన్నాడు అబ్బులు.

అంతలో వీధిలో ముత్యాల్రావు దగ్గు వినపడింది. గవర్రాజు బావురుమన్నాడు. "మాణిక్యం నాకు దక్కదే అమ్మా!"

"ఏడవకురా. బియ్యంలో రాయుంటే ఏం చేస్తాం? ఏరిపారేస్తాం."

అంతే. ఏ వరుసలో తప్పుందంటే ఆ వరుస తీసేశారు. తప్పు పక్క వరుసలోకి పోయింది. అదీ తీసేశారు. చివరికి ఒక్క వరుసా మిగల్లేదు. తప్పూ మిగల్లేదు.

ముత్యాల్రావు వచ్చి నల్లటి తెరని చాలాసేపు చూశాడు. "కోడేదయ్యా?"

"దాటేసిందండి."

"రోడ్డో?"

"తప్పంతా రోడ్డులోనే ఉందండి. తీసేశాం."

"ఇప్పుడు తప్పులెన్ని?"

"సున్నా!"

ముత్యాల్రావు లేచి గవర్రాజుని కావిలించుకున్నాడు. "అబ్బాయంటే నువ్వయ్యా! పెళ్ళి కూడా ఇలాగే, ఒక్క తప్పు లేకుండా జరగాలి."

జరిపించారు. సన్నాయి అపశ్రుతి పలికిందన్నారు, మేళాన్ని పంపేశారు. పందిరి ఒరిగిందన్నారు, పీకేశారు. పప్పులో ఉప్పెక్కువైందన్నారు, గుండిగ బోర్లించేశారు. చుట్టాలు ఎండలో, ఆకలితో, ఎంత పద్ధతైన పెళ్ళో అనుకుంటూ కూర్చున్నారు.

ముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు పెళ్ళికొడుకుని చూసి, "తూర్పుకి తిరగాలి నాయనా, తప్పుగా కూర్చున్నావు" అన్నారు.

"తప్పు పీట మీదుంది, తీసేయండి!" అని ముత్యాల్రావు కేకేశాడు. నూకాలమ్మ ఓ రెక్క, అబ్బులు ఓ రెక్క పట్టుకున్నారు.

"అటు తిప్పి కూర్చోబెట్టచ్చుగా నాన్నా?" అంది అడ్డుతెర అవతలనుంచి మాణిక్యం.

"నోర్ముయ్యవే! దిద్దుకుంటూ కూర్చోడానికి మనమేమైనా తెలివితక్కువవాళ్ళమా?"

గవర్రాజు బుద్ధిగా లేచాడు. మగపెళ్ళివారి మధ్యకెళ్ళి నిలబడ్డాడు. ముహూర్తం వేళకి ఖాళీ పీట మీద అందరికంటే ఎక్కువ అక్షింతలు తనే వేసి, ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవడోగానీ అమ్మా, పెళ్ళికొడుకు ఎంత అదృష్టవంతుడే!"