గోడ మీద జంట ముద్రలు

మా భావనారాయణ మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. పెడనలో ఆయన అద్దకం షెడ్డులో చేరిన కొత్తలో నేను రోజుకు నాలుగు ప్రశ్నలు అడిగేవాణ్ణి. నాలుగు రంగుల తొట్లూ నేనే కడగాల్సి వచ్చేసరికి నా సందేహాలన్నీ వాటంతటవే తీరిపోయాయి. అప్పట్నించీ ఏమీ తెలుసుకోకుండా, హాయిగా, ఆయన శిష్యుల్లో పెద్దవాడిగా చెలామణీ అవుతున్నాను.

కాత్యాయనికి ఈ సంగతి తెలియదు. బందరులో డిగ్రీ రెండో ఏడు చదువుతూ, సాయంత్రాలు బస్సెక్కి వచ్చి మా దగ్గర బట్ట మీద అచ్చులు అద్దడం నేర్చుకునే పిల్ల. ఒక ఆదివారం పొద్దున, మాస్టారు బల్ల మీద దుప్పటి పరుస్తుండగా సూటిగా అడిగేసింది.

“మాస్టారూ, మా కాలేజీ గేటు దగ్గర ఒక బ్యాంకు వాళ్లు బల్ల వేసుకుని కూర్చున్నారు. క్రెడిట్ కార్డు తీసుకుంటే చక్రాల బ్యాగు ఊరికే ఇస్తారట, లిమిట్ కూడా చాలా ఎక్కువట. మా మావయ్యేమో, ‘నా కార్డుకే ఇంకోటి జత చేయిస్తాను, నీకెందుకా గొడవ’ అంటున్నాడు. ఇంకో దారి కూడా ఉంది. నా స్కాలర్‌షిప్పు డబ్బు పదిహేను వేలు డిపాజిట్ వేస్తే, దాని మీద నా పేరునే చిన్న కార్డు ఇస్తారు. వచ్చే సోమవారం ఆ బల్ల ఎత్తేస్తారు. మొదటి కార్డు కదా, ఏది తీసుకోమంటారు?”

మాస్టారు దుప్పటి మడత అరచేత్తో సాపు చేశారు. “వచ్చే సోమవారానికి షావుకారుకి పదహారు దుప్పట్లు ఇవ్వాలమ్మా. అంచుకి మన దగ్గర సరైన అచ్చు లేదు. వీరాచారి గారి దగ్గర ఒకటి అడిగి పట్టుకురా. అంచులన్నీ నువ్వే అద్దు.”

“నేనొక్కదాన్నే వెళ్లాలా?”

“రంగడు వస్తాడు. దారి చూపిస్తాడు. వాడు చెప్పేది మాత్రం వినకు.”

ఆ రంగణ్ణి నేనే.

వీరాచారి గారు అచ్చులు చెక్కే మనిషి. తాతల నాటి టేకు అచ్చులు ఆయన ఇంట్లో మూడు గదుల నిండా ఉన్నాయి. అడిగిన వాళ్లకి వారం రోజులకి ఇస్తారు. అద్దె లేదు, కాగితం లేదు. ఉన్నదల్లా ఒక గోడ. అచ్చు పట్టుకెళ్లేవాడు ముందు దాన్ని రంగులో ముంచి ఆ గోడ మీద ఒక ముద్ర వేసి, కింద తన పేరు రాయాలి. శనివారం పొద్దుగూకే లోపల అచ్చు తిరిగి తెచ్చి, పక్కనే రెండో ముద్ర వేయాలి. రెండూ ఒకేలా ఉంటే అచ్చు క్షేమం, మనిషీ క్షేమం. ఒక్క ఆకు కొస విరిగినా ఆ గోడ దాచదు. ఏటా సున్నం వేసేటప్పుడు కూడా ఆ ముద్రల జోలికి పోరు.

ఆ గోడ మీద జంట లేని ముద్ర ఒకటి ఉంది. పెద్ద చెట్టు, జానెడున్నర ఎత్తు. దాని కింద ఉన్నది నా పేరే. పంతొమ్మిదేళ్ల క్రితం, మొదటిసారి అచ్చు అడగడానికి వెళ్లి, ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్దది ఏదో అదే ఇమ్మన్నాను. పది మందీ చూడాలని రెండు చేతులా ఎత్తుకుని బజారు వీధి గుండా తెచ్చాను. పని అయ్యాక రంగు మెత్తబడుతుందని రాత్రంతా నీళ్ల తొట్టిలో నానబెట్టి, పొద్దున్నే ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి చెట్టు నడిమికి చీలింది. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక, నెలకొక తువాలు అద్ది పంపించి, “ఇంకొన్నాళ్లు ఉంచుకుంటానండీ” అని కబురు చేసేవాణ్ణి. పదకొండు నెలల్లో ఆచారి గారింట్లో అందరి తలలూ నా తువాళ్లతోనే ఆరాయి. అచ్చు బాకీ మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

ఇదంతా నేను దారిలో చెప్పలేదు. కాత్యాయనే గోడ చూసి, “బాబాయ్, ఈ చెట్టు ఒంటరిగా ఉందేంటి?” అని అడిగి చెప్పించుకుంది. నవ్వు ఆపుకోవడానికి ఆ పిల్ల పడ్డ కష్టం నేను మరిచిపోలేను.

“మా మాస్టారి పేరు మీద ఒక అంచు అచ్చు ఇవ్వండి, ఆచారి గారూ,” అంది.

“నిక్షేపంలా ఇస్తానమ్మాయ్. ఈ గోడకి ఆ పక్కంతా మీ మాస్టారి జంటలే. రెండు వందలు దాటాయి. ఇది ఇంకొకటవుతుంది.” ఆయన ఆగి, కళ్లజోడు తుడుచుకున్నారు. “నువ్వెంత బాగా తెచ్చిచ్చినా ఆయన ఖాతాలోకే. నువ్వు విరక్కొడితే తలవంపులూ ఆయనకే.”

కాత్యాయని ఆ జంటల వంక చాలాసేపు చూసింది. నేను ఊరుకోకుండా, “ఆ వెడల్పు అంచు అడుగు. ఎంత దర్జాగా ఉందో చూడు! నీ పేరు మీదే తీసుకో,” అన్నాను. మాస్టారి మాట గుర్తొచ్చిందో, నా చెట్టు కనబడిందో గాని, ఆ పిల్ల నాలుగు వేళ్ల వెడల్పున్న మల్లెతీగ అచ్చు చేతిలోకి తీసుకుంది. అరచేతిలో బరువు చూసుకుంది.

“ఇది నా పేరు మీద ఇస్తారా?”

“గోడ మీద పేరు లేని వాళ్లు తమది ఏదైనా ఇక్కడ ఉంచి వెళ్లాలమ్మాయ్. తిరిగి వచ్చినప్పుడు అదీ తిరిగి వస్తుంది.”

భుజం మీది ఓణీ తీసి మడిచి ఇచ్చింది. తన చేత్తో మొదటిసారి అద్దుకున్న ఓణీ. ఆచారి గారు విప్పి చూశారు. “పూలన్నీ కాస్త ఎడమకి వాలాయే?”

“గాలికండీ,” అంది కాత్యాయని.

ఆయన నవ్వలేదు గాని, ఓణీని బీరువాలో పట్టుబట్టల అరలో పెట్టారు.

చిన్న అచ్చుతో పెద్ద దుప్పటికి అంచు తిప్పడం ఎంత ఓపికో అద్దే వాళ్లకే తెలుసు. రోజూ కాలేజీ నుంచి వచ్చి, లైటు కింద నిలబడి, ముద్ర పక్కన ముద్ర అతుకు కనపడకుండా వేసుకుంటూ పోయింది. అయినా శనివారం మూడు గంటలకి లెక్క చూస్తే పదమూడే అయ్యాయి. మూడు దుప్పట్లకి అంచు లేదు. షావుకారు సోమవారం పొద్దున్నే దిగుతాడు.

“ఒక తువాలు అద్ది పంపించు,” అన్నాను నేను, ఆ విద్యలో నాకున్న అనుభవంతో. “ఇంకో వారం ఏమీ అనరు. ఆయన మొహమాటస్తుడు.”

ఆ పిల్ల మాస్టారి వైపు చూసింది. ఆయన రంగు కలుపుతూ తల ఎత్తకుండానే, “అచ్చు తెచ్చింది నువ్వు,” అన్నారు. అంతే.

కాత్యాయని మెత్తటి కుంచెతో అచ్చు సందుల్లో రంగంతా కడిగి, పొడిగుడ్డతో అద్ది, నీడలో ఆరబెట్టి, పొద్దు ఇంకా చెట్ల మీద ఉండగానే బయల్దేరింది. నేను వెనకాల నడిచాను. పదమూడు దుప్పట్లు చూసి షావుకారు ఏమంటాడో అని ఆ పిల్ల కళ్లు చెమ్మగిల్లుతున్నాయి. నడక మాత్రం ఎక్కడా తగ్గలేదు.

గోడ మీద రెండో ముద్ర పడింది. ఆచారి గారు గోడకి ఆనేంత దగ్గరగా మొహం పెట్టి, ఈ ఆకూ ఆ ఆకూ, ఈ మొగ్గా ఆ మొగ్గా పోల్చి చూశారు. ఎడమ చివరి మొగ్గ దగ్గర ఆగారు. నా సొంత చెట్టు చీలిన నాడు కూడా నేనంత కంగారు పడలేదు. ఆయన నిటారుగా నిలబడి, బీరువా తెరిచి, ఓణీ తెచ్చి ఆ పిల్ల భుజం మీద తానే వేశారు.

“ఆచారి గారూ, ఇంకా మూడు మిగిలాయి. ఇదే అచ్చు మళ్లీ ఇస్తారా? ఓణీ ఇక్కడే ఉంచుతాను.”

“ఓణీ ఎందుకమ్మా?” అన్నారాయన, ఆ మాట ఆయనకి నిజంగానే అర్థం కానట్టు. “పేరుందిగా గోడ మీద. ఆ మూడు గదుల్లో నీకేది కావాలో తీసుకో.”

మూడు గదులూ తెరిచి ఉన్నాయి. ఆ పిల్ల మల్లెతీగే తీసుకుని వచ్చేసింది. ఇంటికొచ్చే దారిలో ఎదురైన ప్రతివాడినీ ఆపి ఈ సంగతి చెప్పింది మాత్రం నేను. వినేవాళ్లకి ఆ దుప్పట్లన్నీ నేనే అద్దానన్న అనుమానం వచ్చి ఉంటే నా తప్పు లేదు. ఆదివారం చీకటి పడే లోపల పదహారు దుప్పట్లూ తీగ మీద ఆరుతున్నాయి. మాస్టారు అటు చివర నుంచి ఇటు చివరకి ఒకసారి నడిచి, మళ్లీ అటు నడిచారు. రెండోసారి నడవడం పనికోసం కాదని మాకిద్దరికీ తెలుసు.

కార్డు గురించి ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం కాలేజీ గేటు దగ్గర బల్ల ఎత్తేశారట. మావయ్య అలిగాడట. నెల తిరిగాక ఒక సాయంత్రం కాత్యాయని బస్సు దిగి, పరుగులాంటి నడకతో షెడ్డులోకి వచ్చి, కవరులోంచి కొత్త కార్డు తీసి చూపించింది. స్కాలర్‌షిప్పు డబ్బు మీద తీసుకున్నది.

“లిమిట్ పన్నెండు వేలే మాస్టారూ. బ్యాగూ లేదు, ఏమీ లేదు,” అంది. చిన్నబుచ్చుకున్నట్టు అనబోయింది గాని, మొహం మాట వినలేదు.

మాస్టారు చేతులు రెండుసార్లు కడుక్కుని, పంచెకి తుడుచుకుని, కార్డుని అంచుల దగ్గర పట్టుకున్నారు. పైకి చదివారు. ఒకసారి మామూలుగా, ఇంకోసారి షెడ్డులో అందరికీ వినపడేలా.

“ఇంటిపేరుతో సహా వేశారే!”

కార్డు తిరిగి ఆ పిల్ల చేతిలో పెట్టి, రంగు గిన్నె వైపు తిరుగుతూ అడిగారు.

“దీనికి శనివారం ఎప్పుడో కనుక్కున్నావా?”