దొరగారు చెప్పిన పెంపకం

పూర్వం సర్వరాయుడనే దొర ఉండేవాడు. సింహం అనే ఆయన పెంపుడు కుక్క నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. బుట్టలల్లే పోలమ్మ పెంచుకునే గవ్వ అనే కుక్క మాత్రం రోజూ ఆమె వెంట వెదురు తోపు దాకా గంతులేస్తూ వెళ్లేది. మేడ మీంచి అది చూసినప్పుడల్లా దొరకు ముద్ద దిగేది కాదు.

చివరికి పోలమ్మను పిలిపించాడు.

"నా కుక్కకు లేని హుషారు నీ కుక్కకెందుకే? నెల తిరిగేసరికి అదీ సింహంలాగే ఉండాలి. లేదంటే దాన్ని ఊరు దాటించేస్తాను."

గవ్వ లేకుండా పోలమ్మ ఉండలేదు. కాసేపు ఆలోచించి చేతులు కట్టుకుంది.

"చిత్తం దొరా. ఎలా చెయ్యాలో తమరే సెలవివ్వండి. సింహానికి ఏం పెడతారు?"

"మూడు పూటలా నేతి బొబ్బట్లు," అన్నాడు దొర గర్వంగా.

"అలాగే పెడతాను. మరి నడక?"

"నా కుక్క నడవడమేమిటి? పల్లకిలో తిప్పిస్తాను."

"సరే, గంపలో పెట్టుకుని నేనే మోస్తాను. మరి ఆటల సంగతి?"

"గొలుసు విప్పితేగా ఆడడానికి. ఎప్పుడూ పరుపు మీదే..."

దొర మాట అక్కడే ఆగిపోయింది.

"మిగతాదీ చెప్పండి దొరా," అంది పోలమ్మ వినయంగా. "ఒక్కటి తప్పినా నా గవ్వ మీ సింహంలా కూలబడదు."

మర్నాడు దొర తానే గొలుసు విప్పి, సింహాన్ని తోపు వైపు నడిపించాడు. దారిలో అది పోలమ్మను చూసి తోక ఊపింది. దొరకు మళ్లీ కడుపు మండింది.